తోరాజా కొండల్లో మిత్రుని పేరు మీద స్థలం కొనవచ్చునా? అక్కడి భూమి, జీవనం, రాకపోకలు

మీరు జకార్తాలో ఉద్యోగం చేస్తున్నారనీ, కార్యాలయంలోని తోరాజా జాతి మిత్రునితో కలిసి ఇండోనేషియాలోనే దక్షిణ సులవేసి రాష్ట్రంలో సెసెయాన్ కొండ వాలున ఉన్న ఆయన ఊరికి వెళ్లి వచ్చారనీ, ఆ ఊళ్లో కొంత స్థలం కొని చిన్న ఇల్లు కట్టుకుని, పదవీ విరమణ తరువాత ఏడాదిలో సగం కాలమైనా అక్కడ ఉండాలనుకుంటున్నారనీ రాశారు. విదేశీయులకు భూమి కొనే హక్కు లేదు కనుక ఆయన పేరు మీద కొని, అసలు యజమాని మీరేనని విడిగా ఒక పత్రం రాయించుకోవచ్చునా, ఇల్లు ఎలా కట్టుకోవాలి, అక్కడి జీవనం, రాకపోకలు ఎలా ఉంటాయి అని అడిగారు. కాఫీ కొనుగోలు పని మీద చాలా ఏళ్లు ఆ ప్రాంతంలో ఉన్నవాణ్ని కనుక వివరంగానే రాస్తాను.

ముందు సూటి సమాధానం: ఆ పద్ధతిలో కొనవద్దు. చట్టం ఒప్పుకోకపోవడం ఒక కారణం. అంతకంటే బలమైన కారణం ఇంకొకటి ఉంది. ఆ కొండల్లో ఒక మనిషి ‘నా భూమి’ అని నిజాయితీగా చెప్పే నేల మీద కూడా, ఆయనతో పాటు ఎక్కడెక్కడో ఉన్న ఎంతోమంది బంధువులకు మాట ఉంటుంది. మీ మిత్రుడు మిమ్మల్ని మోసగిస్తారని నేను అనడం లేదు. ఆయన ఎంత మంచివారైనా, తాను ఒంటరిగా అమ్మగలిగినదాన్నే అమ్ముతున్నారా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

చట్టం సంగతి చూద్దాం. ఇండోనేషియాలో భూమికి మూలచట్టం 1960 నాటి 5వ చట్టం, అంటే మౌలిక వ్యవసాయ భూచట్టం. దాని ప్రకారం హక్ మిలిక్ అనే సంపూర్ణ యాజమాన్య హక్కు ఇండోనేషియా పౌరులకు మాత్రమే దక్కుతుంది. 26వ అధికరణంలోని రెండో భాగం ఇంకా కఠినమైనది: ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ విదేశీయునికి యాజమాన్యం చేర్చే ఉద్దేశంతో జరిగిన ఏ లావాదేవీ అయినా చట్టరీత్యా చెల్లదు, ఆ భూమి ప్రభుత్వపరం అవుతుంది, చెల్లించిన సొమ్మును తిరిగి అడిగే వీలు ఉండదు. మిత్రుని పేరు మీద పట్టా, మీ పేరు మీద అప్పు పత్రం, తిరుగులేని అధికారపత్రం, ఖాళీ తేదీతో అమ్మకపు ఒప్పందం అంటూ కొందరు మధ్యవర్తులు సిద్ధం చేసే కాగితాల కట్ట అంతా ఈ ‘పరోక్షంగా’ అన్న మాట కిందికే వస్తుంది. వివాదం వచ్చి మీరు కోర్టుకు వెళ్లి ఆ కాగితాలు చూపిస్తే, చట్టాన్ని దాటడానికి చేసిన ఏర్పాటుకు మీరే సాక్ష్యం ఇచ్చినట్టు అవుతుంది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో 1/70 చట్టం ఉన్నా గిరిజనుల పేరు మీద బినామీగా భూములు పెట్టుకున్నవారి సంగతి మీరు వినే ఉంటారు. అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదన్న ఆలోచన ఎలాంటిదో, వలస పాలన నుంచి బయటపడిన దేశం తన నేల పరదేశీయుల చేతికి పోకూడదని 1960లో పెట్టుకున్న ఈ నియమం వెనుక ఆలోచన కూడా అలాంటిదే. దాన్ని గౌరవించడమే న్యాయమని నా అభిప్రాయం.

విదేశీయులకు చట్టబద్ధంగా తెరిచి ఉన్న దారులు మూడు. మొదటిది హక్ పకై, అంటే వినియోగ హక్కు. దేశంలో ఉండేందుకు తగిన ఇమిగ్రేషన్ పత్రాలు ఉన్న విదేశీయునికి ఇది ఇస్తారు. 2021 నాటి 18వ ప్రభుత్వ నిబంధన ప్రకారం మొదట 30 సంవత్సరాలు, పొడిగింపు 20, తిరిగి నవీకరణ 30, వెరసి 80 సంవత్సరాల దాకా సాగవచ్చు. అయితే విదేశీయులు కొనే ఇళ్లకు ప్రభుత్వం ప్రాంతాన్ని బట్టి కనీస ధర నిర్ణయించింది కనుక, కొండ మీది పల్లెటూరి చిన్న ఇంటికి ఆ దారి సాధారణంగా కుదరదు. రెండోది విదేశీ పెట్టుబడి కంపెనీ పెట్టి, దాని పేరు మీద హక్ గునా బంగునాన్ అనే నిర్మాణ హక్కు పొందడం. అందుకు ఒక్కో వ్యాపారానికి 1,000 కోట్ల రూపియాలకు మించిన పెట్టుబడి ప్రణాళిక చూపాలి. అంటే మన రూపాయల్లో 5 కోట్లకు పైమాటే. రిసార్టు పెట్టేవారికి తప్ప నివాసం కోరేవారికి అది తగదు. మూడోది హక్ సేవా, అంటే లీజు. మీకు నేను చెప్పేది ఇదే. దాని సంగతి కొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే లీజు ఎవరి దగ్గర తీసుకోవాలో తెలియాలంటే ముందు ఆ నేల ఎవరిదో తెలియాలి.

తోరాజా సమాజానికి కేంద్రం తోంగ్‌కొనాన్ అనే వంశగృహం. రెండు కొసలూ పైకి లేచిన పడవ ఆకారపు పైకప్పుతో, ముందు స్తంభానికి వరుసగా బిగించిన దున్నపోతుల కొమ్ములతో, నలుపు, ఎరుపు, పసుపు, తెలుపు రంగుల చెక్కడాలతో ఉత్తర దిక్కుకు తిరిగి ఉండే ఆ ఇంటినీ, దానికి ఎదురుగా ఉన్న ఆలాంగ్ అనే ధాన్యపు గాదెలనూ మీరు చూసే ఉంటారు. అందులో ఇప్పుడు ఎవరు నివసిస్తున్నారన్నది ముఖ్యం కాదు. దాన్ని మొదట కట్టిన దంపతుల సంతతి అందరికీ, కొడుకుల వైపు వారికీ కూతుళ్ల వైపు వారికీ సమానంగా, అది చెందుతుంది. తండ్రి తరఫున కొన్ని, తల్లి తరఫున కొన్ని చొప్పున ఒక మనిషి అనేక తోంగ్‌కొనాన్‌లకు చెందిన వ్యక్తి అవుతాడు. పైకప్పు మార్చేటప్పుడు ఖర్చు పంచుకోవడం, ఆ ఇంటివారి అంత్యక్రియలకు పంది గానీ దున్నపోతు గానీ తేవడం ద్వారా ఆ సంబంధాన్ని నిలుపుకుంటాడు. ఆ ఇంటికి అంటి పెట్టుకున్న పొలాలు, వెదురు తోపులు, రాతి సమాధుల స్థలాలు ఉమ్మడివే. వాటిని చూసుకునే కుటుంబం వాటి పంట తినవచ్చు, అమ్మే అధికారం మాత్రం దానికి లేదు. మీ మిత్రుడు చూపిన స్థలం అలాంటి ఉమ్మడి నేలలో భాగమా, లేక ఆయన తల్లిదండ్రులు సొంతంగా సంపాదించినదా అన్నది మీరు అడగవలసిన మొదటి ప్రశ్న.

సొంతంగా సంపాదించినదైనా చిక్కు అక్కడితో తీరదు. తోరాజాలో ఆస్తి పంపకానికీ మరణానికీ మన దగ్గర ఊహించలేని సంబంధం ఉంది. ఒక మనిషి కన్నుమూశాక, రాంబు సోలో అనే అంత్యక్రియల పెద్ద కార్యం జరిగేదాకా ఆయనను చనిపోయినవాడిగా కాక జబ్బుమనిషిగానే చూస్తారు. దేహాన్ని భద్రపరచి ఇంట్లోనే ఉంచి, రోజూ భోజనం, కాఫీ ముందుంచి పలకరిస్తారు. కార్యానికి కావలసిన సొమ్ము కూడి, పాపువాలో, కాలిమంతాన్‌లో, మలేషియాలో ఉన్న బిడ్డలు వచ్చేసరికి నెలలు, ఒక్కొక్కసారి ఏళ్లు పడుతుంది. ఆ కార్యంలో ఏ బిడ్డ ఎన్ని దున్నపోతులను బలి ఇచ్చాడన్న దాన్ని బట్టి తల్లిదండ్రుల పొలాల్లో వాటాలు నిర్ణయమయ్యే ఆచారం ఉంది. దాన్ని మతల్లాంగ్ అంటారు. సంతానం లేని వారి విషయంలో ఎక్కువ దున్నపోతులు తెచ్చిన బంధువుకు పొలం దక్కవచ్చు. ఇరవై ఏళ్ల కిందట జరిగిన ఒక కార్యంలో పినతండ్రి కొడుకు తెచ్చిన దున్నపోతుకు బదులు ఏదీ రాసుకోకుండా నోటిమాటగా ఒక మడి ఇచ్చి ఉంటే, ఆ సంగతి భూమి కార్యాలయపు రికార్డులో కనబడదు, ఊరి పెద్దల జ్ఞాపకంలో మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది.

ఆ దున్నపోతులు చవకైనవి కావు. తెలుపు, నలుపు మచ్చలు కలిసిన తెదోంగ్ బోంగా జాతి దున్నపోతుకు రాంతెపావో పట్టణంలోని బోలు సంతలో కొత్త కారు ధర పలకడం మామూలు. అది పొలం దున్నే పశువు కాదు. దాన్ని కడిగి, మేపి, కొమ్ముల వంపూ ఒంటి మీద సుడులూ చూసి వెలకట్టేవారు వేరే ఉంటారు. ఆ వెల చెల్లించడానికి కుటుంబాలు పొలాలు తాకట్టు పెడతాయి. మన స్వాధీన తాకట్టు లాంటిదే: అప్పిచ్చినవాడు పొలం తన చేతిలో ఉంచుకుని పంట తింటాడు, అప్పు తీరేదాకా తిరిగి ఇవ్వడు. ఈ విషయంలో ఇండోనేషియా చట్టం రైతు పక్షాన నిలిచింది. 1960 నాటి 56వ చట్టంలోని 7వ అధికరణం ప్రకారం ఏడు సంవత్సరాలు తాకట్టులో ఉన్న సాగుభూమిని, పైరు కోసిన నెలలోగా, విడుదల సొమ్ము అడగకుండా యజమానికి తిరిగి ఇచ్చివేయాలి. కొండ ఊళ్లలో మాత్రం చాలామంది దాని జోలికి వెళ్లరు, ఎందుకంటే అప్పిచ్చినవాడు కూడా బంధువే. రేపటి కార్యానికి దున్నపోతు తేవలసినవాడూ అతడే. కనుక మీకు చూపిన నేల మీద ఇప్పుడు ఎవరు సాగు చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో స్వయంగా వెళ్లి అడగండి.

ఇక కాగితాలు. కొండ ఊళ్లలో చాలా భూములకు ఇప్పటికీ సర్టిఫికెట్ లేదు. భూమి పన్ను కట్టిన రసీదు చూపించి ఇదే పట్టా అని చెప్పేవారు తారసపడతారు. ఆ రసీదు పన్ను ఎవరు కడుతున్నారో చెబుతుంది గానీ భూమి ఎవరిదో చెప్పదు. గిరిక్, లెటర్ సి అనే పాత పత్రాలను 2021 నిబంధన అమల్లోకి వచ్చిన ఐదు సంవత్సరాలలోగా నమోదు చేయించాలని గడువు పెట్టారు. ఆ తరువాత అవి హక్కుకు రుజువుగా కాక, ఒక ఆనవాలుగా మాత్రమే పనికొస్తాయి. జాతీయ భూమి సంస్థ జిల్లా కార్యాలయంలో ఎస్‌కేపీటీ అనే సమాచారపత్రం అడిగితే, ఆ సర్వే నంబరు మీద నమోదైన హక్కు, తాకట్టు, వివాదం తెలుస్తాయి. మన ఈసీ స్థానంలో దాన్ని అనుకోవచ్చు. పనిలో పనిగా ఆ స్థలం రక్షిత అటవీ హద్దులో ఉందేమో కూడా చూడాలి. సెసెయాన్ లాంటి ఎత్తు ప్రాంతాల్లో తరతరాలుగా సాగులో ఉన్న నేల కూడా పటంలో అడవిగా గుర్తించి ఉండవచ్చు. ఆచారబద్ధ సముదాయాల అడవి ప్రభుత్వ అడవి కాదని రాజ్యాంగ న్యాయస్థానం 2013లో తీర్పు ఇచ్చినా, ఆ తీర్పు ఒక్కో ఊరికి వర్తించాలంటే ఆ సముదాయానికి స్థానిక ప్రభుత్వపు గుర్తింపు, ఆపై అటవీ శాఖ నిర్ణయం కావాలి. అది వేగంగా సాగే పని కాదు.

ఇప్పుడు లీజు. మీరు కోరుకున్న జీవితానికి ఇది పూర్తిగా సరిపోతుంది. ఇరవై నుంచి ముప్పై సంవత్సరాల కాలానికి, ఇల్లు కట్టుకునే అనుమతితో, మీ మిత్రుని కుటుంబం దగ్గర లీజు తీసుకోండి. ఒప్పందం నోటరీ ఎదుట, ఇండోనేషియా భాషలో ఉండాలి. స్థానికులతో చేసుకునే ఒప్పందాలు ఆ దేశపు భాషలో ఉండాలని 2009 నాటి 24వ చట్టం చెబుతోంది. కేవలం ఇంగ్లిషులో రాసుకున్న ఒప్పందాలను కోర్టులు కొట్టివేసిన సందర్భాలు ఉన్నాయి. 10,000 రూపియాల మేతెరై స్టాంపు అతికించి సంతకాలు చేసినంత మాత్రాన పత్రం రిజిస్టరు అయినట్టు కాదని గుర్తుంచుకోండి. భూమి చేతులు మారినా లీజు కొనసాగుతుందన్నది ఇండోనేషియా పౌర స్మృతిలోని 1576వ అధికరణం సూత్రమే అయినా, దాన్ని ఒప్పందంలో స్పష్టంగా రాయించండి. యజమాని మరణిస్తే వారసులు కట్టుబడి ఉండటం, మీరు మరణిస్తే మిగిలిన కాలం మీ వారసులకు చెందటం, గడువు తీరాక ఇల్లు ఎవరిది కావాలన్నది, నీటి ఊట నుంచి పైపు వేసుకునే హక్కు, దారి వెడల్పు, ఇవన్నీ విడివిడిగా రాయించవలసినవే. అద్దె ఆదాయం మీద 10 శాతం పన్ను ఉంది. అది ఎవరు కట్టాలో కూడా ముందే తేల్చుకోండి, లేకపోతే మొదటి అభిప్రాయభేదం అక్కడే వస్తుంది.

సంతకాల విషయంలో ఏ మాత్రం తొందరపడవద్దు. మీ మిత్రుని సంతకం, ఆయన భార్య సంతకం చాలవు. అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, తల్లిదండ్రుల తరం వారిలో బతికి ఉన్నవారు, ఆ తోంగ్‌కొనాన్ తరఫున మాట్లాడే పెద్ద, వీరందరి సమ్మతి కావాలి. దూరాన ఉన్నవారు రాతపూర్వకంగా పంపవచ్చు. ఊరి పాలన విభాగాన్ని అక్కడ లెంబాంగ్ అంటారు. లెంబాంగ్ అధిపతి, సరిహద్దు పొలాల వారు సాక్షులుగా ఉండాలి. ఈ పని కాగితాలు పంపి చేయించేది కాదు. కాఫీ, పంచదార పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, గాదె కింది అరుగు మీద కూర్చుని మాట్లాడేది. అందరూ ఒకచోట దొరికేది జూన్ నుంచి ఆగస్టు వరకు ఉండే అంత్యక్రియల కాలంలో, డిసెంబరు సెలవుల్లో. అప్పుడే ఊరికి దూరాన ఉన్నవారంతా తిరిగి వస్తారు. ఎవరైనా ఒక్కరు మౌనంగా ఉంటే, అది అంగీకారం అనుకోకండి. పాత కాలపు అంతస్తుల భేదాలు తోరాజాలో ఇంకా మాసిపోలేదు, తక్కువ వంశంగా ఎంచేవారు సభలో ఎదురు చెప్పడానికి జంకుతారు. వారిని విడిగా కలిసి అడగడం మీ బాధ్యత.

ఇండోనేషియా పౌరురాలిని పెళ్లాడినవారి సంగతి వేరు కనుక, అలాంటివారెవరైనా ఇది చదివితే ఒక మాట. విదేశీయునితో ఉమ్మడి ఆస్తి నియమం వల్ల భార్యకు కూడా సంపూర్ణ యాజమాన్యం దక్కని చిక్కు ఉండేది. పెళ్లి తరువాత కూడా ఆస్తుల విభజన ఒప్పందం చేసుకోవచ్చని 2016లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు ఇచ్చాక ఆ చిక్కు చాలావరకు తీరింది. ఆస్తి మాత్రం అప్పుడు నిజంగా భార్యదే. భర్తకు అది వారసత్వంగా వచ్చినా, ఒక సంవత్సరంలోగా వదులుకోవాలి.

ఇల్లు ఎలా కట్టుకోవాలో కూడా అడిగారు. ఐఎమ్‌బీ అనే పాత అనుమతి స్థానంలో 2021 నుంచి పీబీజీ అనే నిర్మాణ అనుమతి వచ్చింది, దాన్ని జిల్లా కార్యాలయంలో తీసుకోవాలి. వాలు మీద స్థలమైతే పై అంచున చెట్లు నరికిన జాడ ఉందా, వానాకాలంలో నీరు ఎటు పారుతుంది అన్నవి చూడకుండా ముందుకు వెళ్లవద్దు. 2024 ఏప్రిల్‌లో మకాలే పట్టణ పరిసరాల్లో కొండచరియలు విరిగిపడి సుమారు 20 మంది ప్రాణాలు కోల్పోయారు. వారు ఉన్నవి అడవిలోని గుడిసెలు కావు, మామూలు ఇళ్లు. చెక్క ఇల్లు, రేకుల కప్పు, ఎత్తైన పునాది ఆ నేలకు తగినవి. తోంగ్‌కొనాన్ ఆకారంలో కొమ్ములు, చెక్కడాలు పెట్టి కట్టాలన్న ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి. అక్కడి చెక్కడాల్లో సూర్యుడు, కోడిపుంజు, దున్నపోతు ఊరికే అలంకారానికి లేవు. ఏ ఇంటికి ఏవి ఉండాలన్నది వంశ స్థాయిని బట్టి, జరిపిన కార్యాలను బట్టి ఉంటుంది.

నివాసానికి వస్తే, భారతీయులకు ఇండోనేషియాలో దిగాక ఇచ్చే వీసా 30 రోజులకు వస్తుంది, మరో 30 రోజులు పొడిగించుకోవచ్చు. దానితో చూసి రావచ్చు గానీ కాపురం ఉండలేరు. ఉద్యోగం వల్ల ఇప్పుడు మీకున్న నివాస అనుమతి ఉద్యోగంతోనే ముగుస్తుంది. పదవీ విరమణ చేసినవారికి ప్రత్యేక నివాస అనుమతి ఉంది, దాని వయోపరిమితి, ఆదాయ నియమాలు తరచు మారుతుంటాయి కనుక దరఖాస్తు నాటి నియమాలను ఇమిగ్రేషన్ శాఖ అధికారిక వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. లీజు పత్రం ఉన్నంత మాత్రాన వీసా రాదు. ఈ రెండూ వేర్వేరు పనులు, వీసా దారి తేలాకే లీజు సొమ్ము చెల్లించడం వివేకం. ఊళ్లో రాత్రి బస చేసే కొత్తవారు 24 గంటల్లోగా స్థానిక పెద్దకు తెలియజేయడం ఇండోనేషియా అంతటా ఉన్న పద్ధతి. దాన్ని లాంఛనంగా కాక, పలకరింపుగా పాటించండి.

రోజువారీ బతుకు మీరనుకున్నంత కష్టం కాదు, అలాగని చూసి వచ్చిన రెండు రోజులంత తేలికా కాదు. రాంతెపావో సముద్రమట్టానికి సుమారు 800 మీటర్ల ఎత్తున ఉంటుంది. బాతుతుమోంగా వైపు ఊళ్లు ఇంకా ఐదారు వందల మీటర్లు పైన ఉండి రాత్రిళ్లు దుప్పటి లేనిదే గడవవు. కరెంటు చాలా ఊళ్లకు ఉంది, ముందే డబ్బు కట్టి టోకెన్ సంఖ్య మీటరులో నొక్కుకోవాలి, గాలివానకు పోతుంటుంది. ఫోన్ సిగ్నల్ వాలు మారితే మారిపోతుంది కనుక స్థలం దగ్గర నిలబడి చూసుకోండి. మూడు పూటలా అన్నమే, మనకు హాయి. కటొక్కోన్ అనే పొట్టి మిరపకాయ ఘాటు గుంటూరు వారిని కూడా నిలబెట్టేస్తుంది. మాంసం, ఆకుకూరలు కలిపి వెదురు బొంగులో కూరి నిప్పుల మీద కాల్చే పాపియోంగ్ రుచి మరువలేరు. శాకాహారులైతే మాత్రం ముందే చెప్పాలి, పంది మాంసం లేని విందు ఉండదు. గేదె అంటే మనకు పాడి గుర్తొస్తుంది గానీ తోరాజాలో వాటి పాలు పితికే అలవాటు లేదు. పొరుగున ఉన్న ఎన్రెకాంగ్‌లో పాలను బొప్పాయి పాలతో విరిచి చేసే దంకే అనే జున్నులాంటిది దొరుకుతుంది. పెరుగు మీరే తోడు పెట్టుకోవాలి.

ఊళ్లో ఉండటమంటే కార్యాలకు వెళ్లడమే. కబురు వచ్చినప్పుడు నల్లని లేదా ముదురు రంగు బట్టలు కట్టుకుని, పంచదార గానీ సిగరెట్ల పెట్టె గానీ తీసుకుని వెళ్లాలి. దున్నపోతుల బలిని కళ్లెదుటే చేస్తారు. దాన్ని చూడలేనివారు పక్కకు తప్పుకుంటే ఎవరూ తప్పుపట్టరు, అసహ్యం చూపితే మాత్రం నొచ్చుకుంటారు. తోరాజా వారిలో అత్యధికులు క్రైస్తవులు, అయినా ఈ కార్యాలు పూర్వీకుల అలుక్ తో దోలో మార్గం నుంచి వచ్చినవి, వారు ఆ రెంటినీ కలుపుకునే జీవిస్తున్నారు. ఇంకొక ముఖ్య విషయం: మీ ఇంటి కార్యానికి ఎవరైనా పంది తెస్తే అది కానుక కాదు, తిరిగి తీర్చవలసిన రుణం. లెక్క రాసుకుంటారు, తరాల పాటు గుర్తుంచుకుంటారు. మీరు పెద్ద కానుకలు ఇచ్చినా అదే చిక్కు, అవతలివారి మీద బరువు పెట్టినవారవుతారు. మొదటి కొన్నేళ్లు కానుకలు చిన్నవిగానే ఉంచండి.

వైద్యం విషయంలో మొహమాటం లేకుండా ఆలోచించండి. ఊరి దగ్గర పుస్కెస్మాస్ అనే ప్రాథమిక కేంద్రం, రాంతెపావో, మకాలేలలో ఆసుపత్రులు ఉన్నాయి. గుండె, మెదడు సంబంధమైనది ఏదైనా అయితే రాష్ట్ర రాజధాని మకస్సర్‌కు వెళ్లాలి, అంటే రోడ్డు మీద ఎనిమిది నుంచి పది గంటలు. కుక్కలు ఎక్కువ, రేబిస్ ఉన్న ప్రాంతం, కనుక ముందస్తు టీకా వేయించుకునే వెళ్లండి. గుండె జబ్బో, క్రమం తప్పక చూపించుకోవలసిన ఇంకేదైనా జబ్బో ఉన్నవారు కొండ ఊళ్లో ఒంటరి కాపురానికి దిగవద్దని గట్టిగా చెబుతాను.

ప్రయాణం. జకార్తా నుంచి మకస్సర్‌కు విమానంలో సుమారు రెండున్నర గంటలు, అక్కడి కాలం జకార్తా కంటే గంట ముందు ఉంటుంది. హైదరాబాదు, విశాఖ నుంచి వచ్చే మీ వాళ్లు కౌలాలంపూర్ లేదా జకార్తా మీదుగా రావచ్చు. మకస్సర్ నుంచి రాంతెపావో మూడు వందల పైచిలుకు కిలోమీటర్లు. రాత్రి తొమ్మిది, పది మధ్య బయలుదేరే బస్సులు పారెపారె దాకా తీరం వెంట నడిచి, అక్కడి నుంచి లోపలికి తిరిగి ఎన్రెకాంగ్ కొండలెక్కి తెల్లవారేసరికి చేరుస్తాయి. పడక సీట్లున్నవి సుఖంగా ఉంటాయి. ఎన్రెకాంగ్ దాటాక మలుపులు ఎక్కువ, కడుపు తిప్పేవారు ముందు వరుస తీసుకోవాలి. వీలైతే ఒక్కసారైనా పగటి బస్సులో వెళ్లండి, ఆ దారి చూడదగినది, ఎక్కడెక్కడ రోడ్డు జారుతుందో కూడా తెలుస్తుంది. మకాలేకు దక్షిణాన, 2021లో ప్రారంభమైన తోరాజా విమానాశ్రయం ఉంది. చిన్న విమానాలే దిగుతాయి, పొగమంచుకు రద్దవుతుంటాయి, సర్వీసులు నిలకడగా ఉండవు. అందుకే తిరుగు ప్రయాణంలో ఆ విమానాన్నీ, మకస్సర్ నుంచి విదేశీ ప్రయాణాన్నీ ఒకే రోజున పెట్టుకోవద్దు. రాంతెపావో నుంచి కొండ ఊళ్లకు ఉదయం వేళ పెతె-పెతె వ్యాన్లు, కిజాంగ్ బండ్లు తిరుగుతాయి, మధ్యాహ్నం దాటితే మోటారు సైకిలే గతి. వానాకాలంలో పై ఊళ్ల రోడ్డు బురదగా ఉన్న రోజున సొంత కారు కంటే స్థానికుడు నడిపే బండి క్షేమం.

మీ స్థానంలో ఉంటే నేను చేసే పని ఇది: ఈ ఏడాది సొమ్మేమీ చెల్లించకుండా, ఆ ఊళ్లోనే గానీ పక్క ఊళ్లో గానీ ఒక గది అద్దెకు తీసుకుని, నవంబరు నుంచి ఏప్రిల్ వరకు ఉండే వానల్లో కొన్ని వారాలు, జూలైలో కార్యాల కాలంలో కొన్ని వారాలు ఉంటాను. వానల్లో ఇల్లు, దారి, నీరు, ఒంటి ఆరోగ్యం తెలుస్తాయి. జూలైలో ఆ నేల మీద ఎవరెవరికి మాట ఉందో తెలుస్తుంది. ఆ తరువాత డిసెంబరులో బంధువులంతా ఊళ్లో ఉన్నప్పుడు లీజు మాట ఎత్తండి. ఈలోగా మిత్రుని దగ్గర భూమి పన్ను రసీదు నకలు తీసుకుని, సర్టిఫికెట్ ఉంటే దాని నంబరు రాసుకుని, మకాలే గానీ రాంతెపావో గానీ, ఊరు ఏ జిల్లాకు చెందితే ఆ జిల్లా భూమి కార్యాలయానికి ఆయనతో కలిసి వెళ్లి ఎస్‌కేపీటీకి దరఖాస్తు పెట్టించండి. అందులో ఏమి వచ్చిందో ఇక్కడ రాస్తే, ఒప్పందంలో ఏ ఏ షరతులు ఉండాలో వివరంగా చెబుతాను.